మునికృష్ణ నడుము, కృష్ణప్ప బావి

1981 జనవరి ఇరవయ్యో తేదీ మధ్యాహ్నం మునికృష్ణ రాగిసంగటి, పితికిపప్పు తిన్నాడు. నిలబడి తిన్నాడు. కూర్చుంటే మళ్లీ లేవడానికి ఎవరో ఒకరు చెయ్యి అందించాలి. ఇంట్లో ఉన్న ఒక్క మనిషీ అత్తగారు. చివరి ముద్ద నోట్లో ఉండగానే స్టేషన్ నుంచి పిలుపొచ్చింది.

అతను పుంగనూరు ఫైర్ స్టేషన్‌లో ఫైర్‌మన్. క్రితం ఏడాది పెద్దమండ్యం దగ్గర గడ్డివామి అంటుకుంటే నిచ్చెన ఎక్కాడు. ఎక్కడం పద్ధతిగానే ఎక్కాడు, దిగడమే నిచ్చెనతో కలిసి దిగాడు. మదనపల్లె ఆసుపత్రిలో డాక్టరమ్మ ఎక్స్‌రేను కిటికీకేసి పట్టుకుని చూసి, "బరువులు మోయొద్దు, వంగొద్దు. వీలైతే ఈతకొట్టు" అంది. అప్పటినుంచి స్టేషన్‌లో లైట్ డ్యూటీ. అంటే ఫోన్ దగ్గర నిలబడటం.

స్టేషన్ ఆఫీసర్ గంగులప్ప బల్లమీద పెట్టె తెరిచి ఉంది. అందులో ఇనుప సిలిండరు, రబ్బరు గొట్టం, మొహానికి పెట్టుకునే అద్దం, బాతు కాళ్లలాంటి రబ్బరు చెప్పులు.

"నీళ్లలో మునిగే సామానంటప్పా. పైనుంచి పంపినారు. ఎవురో ఒకరు నేర్చుకోవాలంట."

"పుంగనూర్లో సముద్రం యాడుండాది సార్?"

"బావులుండాయి గదా. జనం పడతానే ఉండారు. అందరికీ డ్యూటీలుండాయి, నువ్వొక్కడివే ఖాళీ."

"నా నడుము సార్..."

"నడుమునెవురు మునగమన్నారు? నిన్ను మునగమంటాండారు." గంగులప్ప గొంతు తగ్గించాడు. "నెలాఖరుకు పెద్దాఫీసరు వస్తాడు. మునిగి సూపిస్తివా, సరి. లేకుంటే పనికిరావని ఇంటికి పంపుతారు. క్వార్టర్సు కూడా పోతాది. నా చేతుల్లో లేదు."

ఉద్యోగం మాట వేరు. క్వార్టర్సు మాట వినగానే మునికృష్ణకు నడుము ఇంకొంచెం నొప్పెట్టింది.

భార్య బుజ్జమ్మ పోయి రెండేళ్లు. కర్మలకని వచ్చిన అత్తగారు చెంగమ్మ ఇంక పోలేదు. ఉండమని ఎవరూ అనలేదు, పొమ్మనీ ఎవరూ అనలేదు. ఆమె కొడుకు కుప్పంలో ఉన్నాడు. వారం ఉండొస్తానని పోయిన వేసవిలో పోయి, కోడలితో పడలేక మర్నాడే బస్సు దిగింది. ఆ ఇల్లు పోతే ఆమెకు కుప్పమే గతి.

ఆమె అల్లుడికి ఎదురుపడి మాట్లాడదు. బుజ్జమ్మ ఉన్నన్నాళ్లూ ఇద్దరి మధ్యా తనే మాటలు మోసేది. ఇప్పుడు చెంగమ్మ తను చెప్పాల్సింది రుబ్బురోలుకు చెబుతుంది, పక్కనే ఉన్న మునికృష్ణకు వినిపిస్తుంది. విషయం తెలిశాక రోలుతో అంది: "కుప్పంలో మా కోడలు నాకోసం కళ్లు కాయలు కాసేట్టు సూస్తాంటాది, పాపం."

నేర్పడానికి మదనపల్లె నుంచి బర్నబాస్ వచ్చేవాడు. నేవీలో చేసి రిటైరైన మనిషి. ఊరవతల కృష్ణప్ప బావి లోతు ఎక్కువ, రాతి మెట్లున్నాయి కాబట్టి అక్కడే చదువు. మొదటిరోజు సిలిండరు వీపున కట్టగానే మునికృష్ణ కొడవలిలా వంగిపోయాడు. బర్నబాస్ విప్పదీసి, అటూ ఇటూ చూసి, సిలిండరును తాడుకు కట్టి బావిలోకి వదిలాడు.

"అది ముందు పోనీప్పా. నువ్వు ఊరికే మెట్లు దిగు. నీళ్లలోనే తగిలించుకుందువు."

నీళ్లలో సిలిండరుకు బరువు లేదు. మునికృష్ణకూ లేదు. "ఊపిరి బిగబట్టొద్దు, పైకొచ్చేటప్పుడు మెల్లిగా రా" అని బర్నబాస్ చెప్పిన రెండు మాటలూ పట్టుకుని కిందికి పోయాడు. అడుగున బురదమీద కూర్చున్నాక తెలిసింది, నడుము నొప్పి లేదు. పోయిందేమోనని కాస్త కదిలి వెతికాడు కూడా. లేదు. ఏడాదిలో మొదటిసారి అతను ఊరికే కూర్చున్నాడు.

రోజూ మధ్యాహ్నం చెంగమ్మ సంగటి గిన్నె తెచ్చి బావి పక్కనున్న మోటారు గది వెనక కూర్చునేది. అల్లుడు పైకొచ్చేదాకా బావితో ఏదో గొణిగేది.

పెద్దాఫీసరు వచ్చినరోజు కృష్ణప్ప బావిచుట్టూ జనం. ఆఫీసరు ఒక ఇత్తడి బిందెను బావిలో వేయించి, "తీసుకురా" అన్నాడు. బర్నబాస్ తాడు అందుకోబోయాడు.

"అట్లా కాదు. మనిషి పడితే తాళ్లు కట్టుకుంటూ కూర్చుంటావా? వీపున వేసుకునే దిగాలి."

గంగులప్ప సిలిండరు ఎత్తి వీపున పెట్టాడు. పట్టీ బిగించకముందే నడుము పట్టేసింది. మొదటి మెట్టుమీద అతను ముందుకు పోలేక, వెనక్కి రాలేక వంగి నిలబడ్డాడు. ఆఫీసరు గంగులప్పవైపు చూశాడు. గంగులప్ప ఆకాశంవైపు చూశాడు.

మోటారు గది వెనకనుంచి చెంగమ్మ బయటికొచ్చింది. కొంగు తలమీదికి లాక్కుంది. రోలు లేదు, గోడా లేదు. నేరుగా అంది.

"అయ్యా, బావిలో పడినోళ్లను తీసేది బావిలో గదా? గట్టుమీద మనిషెట్లుంటే మీకేమి? అంతమంది మగోళ్లు నిలబడుకోనుండారు, ఆ గుండును నీళ్లదాకా మోయలేరా?"

ఎవరూ నవ్వలేదు. నవ్వాలో లేదో ఆఫీసరును చూసి తేల్చుకుందామని ఆగారు.

"ఎవరీమె?"

"మా అత్త సార్" అన్నాడు మునికృష్ణ, వంగినవాడు వంగినట్టే.

ఆఫీసరు బావిలోకి తొంగిచూసి, "మోయండి" అన్నాడు. ఇద్దరు మోశారు, మునికృష్ణ మెల్లిగా మెట్లు దిగి నీళ్లలో తగిలించుకున్నాడు. మోయడానికి తాడు కట్టి దించినంతసేపు కూడా పట్టలేదు.

బిందె వెంటనే దొరికింది. నిజానికి మునికృష్ణ వెంటనే పైకి రావాల్సింది. ఇంకొంచెంసేపు కూర్చుందామనుకున్నాడు. ఇదే ఆఖరైతే మళ్లీ ఈ సుఖం దొరకదు. కానీ పైన అందరి ముందూ కొంగు కప్పుకుని నిలబడ్డ మనిషి గుర్తొచ్చింది. మెల్లిగా ఊపిరి వదులుతూ పైకొచ్చాడు. బిందెతోపాటు ఒక గిలకా, ఎవరిదో చెప్పూ తెచ్చాడు. గిలక తనదేనని కృష్ణప్ప అన్నాడు. చెప్పు సంగతి ఎవరూ ఒప్పుకోలేదు.

"నీళ్లలో ఇతను, నేలమీద ఇంకో ఇద్దరు. అట్లా రాయండి" అని ఆఫీసరు జీపెక్కాడు.

ఆ రాత్రి చెంగమ్మ సంగటి వడ్డించి వంటింట్లోకి పోలేదు. గడప దగ్గరే నిలబడింది.

"నీళ్లలో అంతసేపు ఏంజేస్తావప్పా?"

ఆమె తనతోనే మాట్లాడుతోందని తెలియడానికి మునికృష్ణకు కొంచెం టైం పట్టింది.

"కూర్చుంటానత్తా. నొప్పుండదు."

"ఇంకేమీ లేదా? అక్కడే ఉండిపోవాలని గానీ?"

"లేదు."

"అయితే మంచిదే. రేపు మటిక్కాయలు తెస్తావా? పప్పులోకి."

"తెస్తాలే."

ఆమె లాంతరు వత్తి తగ్గించి, వీధి తలుపు చప్పుడు కాకుండా దగ్గరికేసి గడియ పెట్టింది.