నేసినవారు

అంచు మూసింది. కొంగు తెరిచింది.

నాగలక్ష్మి వేళ్ళకు ఈ పని ఎవరూ గుర్తు చేయనక్కర్లేదు. ఎడమ పక్కన చీర, కుడి పక్కన కీబోర్డు. చీరలో ఒక్కో భాగానికీ ఒక్కో పెట్టె. తెరిచేటప్పుడు 'అంచు' అని రాయాలి, లోపల అంచు సంగతి చెప్పాలి, మూసేటప్పుడు ఒక గీత పెట్టి మళ్ళీ 'అంచు' అని రాయాలి. ఒక్క మూత మరిచినా ఆ చీర పట్టుచీరల అంగడి వాళ్ళ సైటులో కనబడకుండా పోతుంది. దీన్ని ఎక్స్‌ఎంఎల్ అంటారు. ఆమె మాత్రం చీర మడత పెట్టడమే అనుకునేది. అలా సర్దినదాన్నంతా సెర్చింజన్ మింగుతుంది. బెంగుళూరులో ఎవరో 'చింతపూల అంచు' అని కొడితే వెతికి బయట పెడుతుంది.

నలభై ఏడేళ్ళ మనిషి. సన్నం, పొడుగు, మెడ కాస్త ముందుకు వంగింది. కళ్ళద్దాల కాడ విరిగితే ఎర్ర పట్టుదారం చుట్టుకుంది. పొద్దున పెనుకొండలో, హిందూపురం నుంచి వచ్చే ప్యాసింజరెక్కి ధర్మవరంలో దిగుతుంది. సాయంత్రం అదే దారిన వెనక్కి. ఈ పనికి ముందు ఇరవై ఏళ్ళు పెనుకొండ ప్రెస్సులో పెళ్ళిపత్రికలు కంపోజ్ చేసింది. ఊరందరి పేర్లూ బంగారు రంగులో అచ్చు వేసింది. తన పేరు ఏ మూలా పడలేదు. పడాలనీ అనుకోలేదు.

ఒక్క పేరు విషయంలో మాత్రం పట్టుబట్టింది. పుట్టిల్లు ధర్మవరమే. అమ్మా నాయనా ఒకే మగ్గం మీద నేశారు. అంచు అమ్మది, మిగతాదంతా నాయనది. అంగట్లో మాత్రం నాయన పేరుతోనే 'నారాయణస్వామి చీర' అనేవాళ్ళు. అమ్మ పోయినప్పుడు పెద్దకర్మ కార్డులో 'అంచులు నేసిన మనిషి' అని ఒక మాట చేర్చింది. పెదనాయన కొట్టేయించాడు. "కార్డులో అట్లాంటివి రాయరమ్మే" అన్నాడు. ఆ కోపం ఆమెలో ఇప్పటికీ నిప్పులాగే ఉంది.

అందుకే ఈ ఆఫీసులో చేరగానే పోట్లాడి ఒక పెట్టె ఎక్కువ పెట్టించింది. దాని పేరు 'నేసినవారు'. అది నింపనిదే ఏ ఫైలూ మూయదు.

మెట్ల మీద చెప్పుల చప్పుడు వినబడింది. తిప్పమ్మ రొప్పుతూ లోపలికొచ్చింది. అరవై దాటిన నేతమనిషి. చింతపూల అంచు ఆమె చేతిది.

"ఏమే నాగా, నా పేరు యాడ పెట్టినావే?"

"పెట్టినా కదా పెద్దమ్మా. నీ చీరలన్నిటికీ పెట్టినా."

"పెట్టినావా! బెంగుళూరు ఎగ్జిబిషన్లో ఒకాయమ్మతో చెప్పినా, ఈ చీరలు నేనే నేసినా, ఫోన్లో కొట్టి చూసుకోమ్మా అని. చూసిందంట. చీరలొస్తాండాయి, నేను రాలా. మీ అంగడికి ఫోన్ చేస్తే, 'తిప్పమ్మా? అట్లాంటోళ్ళెవరూ లేరే' అన్నారంట. మా పక్కింటి యల్లక్క నంబరిచ్చింటే, దానికి చేసి ఆయమ్మ కడిగేసింది నన్ను. ఊరోళ్ళ చీరలు నావని చెప్పుకుంటానంట. దొంగనంట నేను!"

సంచిలోంచి నాడె తీసింది. మగ్గం మీద పేకపోగును అటూ ఇటూ విసిరే నాడె అది. ఠపీమని టేబుల్ మీద కొట్టింది.

"దీన్ని కూడా నీ మిషన్లో వేసుకో. మగ్గం అమ్మేసినా. గోరంట్లకు, మా పాప కాడికి పోతాండా."

"రవంత ఉండు పెద్దమ్మా, చూస్తా..."

"నువ్వు చూసింది చాల్లే."

మెట్లు దిగిపోయింది.

నాగలక్ష్మి సైటు తెరిచి 'తిప్పమ్మ' అని కొట్టింది. చింతపూల చీరలన్నీ వరుసగా వచ్చి నిలబడ్డాయి. అంచు ఉంది. కొంగు ఉంది. రంగు ఉంది. తిప్పమ్మ పేరు ఎక్కడా లేదు. పేరు తెలియకపోతే ఈ చీరలే ఎలా వచ్చాయి? సైటు తెలిసీ దాస్తోంది.

లేచి గాజు తలుపు నెట్టింది. లోపల కూర్చుని సైటు చూసుకునే దినేష్ యజమాని మేనల్లుడు. హిందూపురం కుర్రవాడు, ముప్పై నిండలేదు.

"దినేష్, నేసినవారు పెట్టె యాడికి పోయింది?"

"యాడికీ పోలేదక్కా. ఇండెక్స్ చేస్తాండాం, రిటర్న్ చేయడం లేదు. అంతే."

"తెలుగులో చెప్పు."

"పేరు కొడితే చీర దొరుకుతాది. చీరతో పాటు పేరు బయటికి రాదు. వచ్చిందనుకో, కొనేటోళ్ళు నేరుగా మగ్గం కాడికే పోతారు. మా గతేమి? దుడ్లు చెట్లకు కాస్తాయా?"

"దాచేదానికైతే ఎక్కించేదెందుకు?"

"మాకు కావాల కదక్కా. ఎవరు ఏం నేస్తాండారు, ఎవరు పక్కంగడికి కూడా చీరలిస్తాండారు, లోపల మేము వెతుక్కునేదానికి. ఆ పెట్టె పెట్టమని నువ్వు చెప్పింది మంచిదాయె!"

నవ్వాడు. నాగలక్ష్మికి ఒళ్ళు మండిపోయింది. తాను పోట్లాడి పెట్టించిన పెట్టెను వీళ్ళు వలగా వాడుకున్నారు.

"తిప్పమ్మ లేదని ఫోన్లో చెప్పింది నువ్వేనా?"

"మామ చెప్పమన్యాడు, చెప్పినా. పోయి అన్నం తిను పో అక్కా."

ఆమె అన్నం తినలేదు. డబ్బా మూత కూడా తీయలేదు. కుర్చీలో కూర్చుని తెర వైపే చూసింది. నేసినవారు బయటికి రారు. కానీ అంచు వస్తుంది. అంచు చూపించకుండా ఏ మొనగాడూ చీర అమ్మలేడు.

ఫైలు తెరిచింది. 'చింతపూల అంచు' అని ఉన్నచోట 'తిప్పమ్మ నేసిన చింతపూల అంచు' అని కొట్టింది. మూత పెట్టింది. ఇంకో ఫైలు. 'రంగప్ప, ఓబులమ్మ నేసిన రుద్రాక్ష అంచు'. మగ్గానికి ఇద్దరుంటే ఇద్దరినీ రాసింది. కీబోర్డు అదిరేలా కొట్టింది. ఒక్కో పేరూ కొడుతుంటే పెదనాయన కొట్టేసిన మాట మళ్ళీ రాస్తున్నట్టే ఉంది. పొద్దు వాలింది. కొత్త ఫైళ్ళను సెర్చింజన్‌కు అందించే మీట నొక్కడం రోజూ ఆమె పనే. నొక్కింది.

దీపాలు వేసేసరికి గాజు గదిలో ఫోన్ మోగింది. దినేష్ స్పీకరు పెట్టాడు. ఆడమనిషి గొంతు బయటికీ వినబడింది.

"ఆ చింతపూల చీరలు మళ్ళీ చూద్దామని తెరిస్తే, ఇప్పుడు తిప్పమ్మగారి పేరు కనబడుతోందే! ఆవిడ లేరన్నారు కదా మీరు? నేను ఆవిడను దొంగ అన్నానండీ. ఒకసారి ఫోనివ్వండి, క్షమించమని అడగాలి."

దినేష్ సైటు చూసుకున్నాడు. మొహం మాడిపోయింది. బయటికి ఉరికొచ్చాడు.

"ఏం చేసినావక్కా? తీసెయ్ అన్నీ!"

"నువ్వే తీసెయ్. ఒక్కో చీరా తెరిచి, ఒక్కో పేరూ చదివి, నీ చేత్తోనే తుడుపు."

"రేపట్నుంచి రావద్దు నువ్వు!"

"నేను నీకు చెప్పాలనుకున్న మాట అదే."

నాడె తీసుకుంది, డబ్బా తీసుకుంది. మెట్లు దిగింది. స్టేషన్ వైపు కాకుండా మార్కెట్ వెనక సందులోకి మళ్ళింది. పేరొచ్చింది పెద్దమ్మా, ఆయమ్మ తప్పయిందంటాంది... మాటలు కూడబలుక్కుంటూ గబగబా నడిచింది.

తిప్పమ్మ ఇంటికి తాళం వేసి ఉంది. కిటికీలోంచి చూస్తే మగ్గం లేదు. మగ్గం కింద కాళ్ళు పెట్టుకునే గుంత ఒక్కటే నోరు తెరుచుకుని ఉంది. పక్కింటి యల్లక్క చీపురు పట్టుకునే బయటికొచ్చింది.

"మధ్యాన్నం బస్సుకే పోయెనమ్మే. మగ్గాన్ని కొన్నోళ్ళు ముక్కలు ముక్కలుగా ఇప్పి తీసుకుపోయిరి."

"ఆ బెంగుళూరాయమ్మ నీకు ఫోన్ చేస్తాది యల్లక్కా. తప్పయిందని చెప్పేదానికి."

"ఇప్పుడే చేసింది. ఏం లాభం? తిరిగొస్తే చెప్తాలే." చీపురు గోడకు ఆనించింది. "తిరిగొచ్చే మనిషి మాదిరి పోలేదు."

దూరంగా రైలు కూత వినబడింది. నాగలక్ష్మి కదల్లేదు. ఎవరిని తిట్టాలో, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక పళ్ళు బిగించి నిలబడింది. తర్వాత కిటికీ చువ్వల మధ్య నుంచి చెయ్యి పోనిచ్చి, నాడెను లోపలి గట్టు మీద పెట్టి వెళ్ళిపోయింది.

తిప్పమ్మ చేతి రాపిడికి నాడె చెక్క నున్నబడింది. లోపలి కండెలో పోగు ఇంకా సగం మిగిలే ఉంది. బయటికి జారిన పసుపు కొస గాలికి కదులుతూ చువ్వను తడుముతోంది.