కష్టం లిస్టు

ముందే చెప్పేస్తున్నాను, నేను ప్రజాసేవ చేద్దామని ఈ గుట్ట ఎక్కలేదు. పై ఆఫీసరుతో మాటామాటా పెరిగి, నోరు అదుపులో పెట్టుకోలేకపోతే నన్ను ఇక్కడికి విసిరేశారు. నా ఉద్యోగం ఫార్మసిస్టు. పన్నెండేళ్ళుగా ఇక్కడివాళ్ళు నన్ను కాంపౌండరు అనే పిలుస్తున్నారు. మొదట్లో సరిదిద్దేవాణ్ణి, తర్వాత విసుగు పుట్టి మానేశాను.

మా ఆరోగ్య కేంద్రం రెండు గదులు, ఒక వరండా. ఒక గదిలో కాన్పు బల్ల, రెండో గదిలో నా మందుల బీరువాలు, టీకాల ఫ్రిజ్. కింద బస్సు ఆగే చోటి నుంచి ఏడు కిలోమీటర్ల కాలిబాట, మధ్యలో వాగు. ఇలాంటి చోట్లన్నిటికీ మా శాఖవాళ్ళు ఒక జాబితా వేశారు. కాగితాల మీద దాని పేరు ‘అతి కష్టతర ప్రాంతాల జాబితా’. మేం కష్టం లిస్టు అంటాం. లిస్టులో ఉన్న చోట మూడేళ్ళు పనిచేస్తే పై చదువుల సీట్లలో వేరే కోటా, బదిలీల్లో మొదటి వరస. ఎర అనండి, బహుమతి అనండి, అది లేకపోతే ఈ గుట్ట డాక్టరు మొహమే ఎరిగేది కాదు. నా హయాంలో ముగ్గురు వచ్చారు. ముగ్గురూ మంచివాళ్ళే. ముగ్గురూ గోడ మీది క్యాలెండర్లో రోజులు కొట్టేసుకుంటూ గడిపి, మూడేళ్ళు నిండిన మర్నాడు పెట్టె సర్దారు. బడికెళ్ళే పిల్లలున్నవాణ్ణి, మంచాన పడిన తల్లి ఉన్నవాణ్ణి ఇక్కడే ఉండిపొమ్మనడానికి నేనెవర్ని? మూడో ఆయన వెళ్ళాక ఆ కుర్చీ ఖాళీగానే ఉంది.

సిస్టర్ కూడా ఆ కోటా కోసమే వచ్చింది. వచ్చిన రోజే దాపరికం లేకుండా చెప్పింది. నర్సులకి కాన్పులు చేయడం నేర్పే టీచర్ల కోర్సు ఒకటుంది, పట్నంలో కాలేజీ, రెండేళ్ళు. నలభై ఐదు దాటితే తీసుకోరు. ఆమెకి అప్పటికే నలభై రెండు. మామూలు కోటాలో రెండుసార్లు వెనక్కొచ్చింది. భర్త పట్నంలో దర్జీ, ఆయన కొట్టు ఆ కాలేజీకి రెండు వీధుల అవతల. ఇక్కడ మూడేళ్ళు నిండితే అక్కడ సీటు, సీటుతోపాటు కాపురం. నెలకోసారి ఆమె దిగి వెళ్ళేది. ఆయనది ఉబ్బసం ఒళ్ళు, ఏడు కిలోమీటర్ల ఎక్కుడు ఆయన వల్లయ్యేది కాదు.

పొట్టి మనిషి, గొంతు మాత్రం పెద్దది. మొదటి రోజు నుంచీ నన్ను ‘అన్నయ్యా’ అంది. వరసలు కలిపి పనులు చేయించుకునే రకం కాబోలు అనుకున్నాను. నా అంచనా తప్పు. పనులన్నీ తనే చేసుకునేది, పైగా నా చేత కూడా చేయించేది.

పొగడటం నాకు అలవాటు లేదు, అయినా కొన్ని చెప్పకపోతే కళ్ళు పోతాయి. గర్భిణి వచ్చిందంటే బీపీ పట్టీ చేతికి చుట్టే ముందు పక్కన కూర్చోబెట్టుకుని అయిదు నిమిషాలు కబుర్లు చెప్పేది. మేకలెన్ని, పెద్దదానికి పళ్ళొచ్చాయా, అత్తగారితో సఖ్యతేనా. ఇదేం పేరంటం అని నేను వెటకారం చేస్తే, గుట్టెక్కి వచ్చిన మనిషికి వెంటనే చూస్తే గుట్టకి బీపీ చూసినట్టే అంది. వారానికి రెండు రోజులు చెప్పులు చేత్తో పట్టుకుని వాగు దాటి, రాలేనివాళ్ళ ఇళ్ళకి తనే వెళ్ళేది. కాలి మడమ పైన వేలితో నొక్కి, గుంట ఎంతసేపు నిలుస్తుందో చూసి, దాన్నిబట్టి తిరిగి ఎప్పుడు రావాలో అక్కడికక్కడే లెక్క వేసుకునేది.

ఇక రిజిస్టరు సంగతి. మా చేతిలో లేని కేసుని కింద పెద్దాసుపత్రికి పంపిస్తే ఒక పుస్తకంలో రాయాలి. పంపిన తేదీ, కారణం, చివరి గడి ‘చేరినదీ లేనిదీ’. నలుగురు మగాళ్ళు కుర్చీకి కర్రలు కట్టి మోసుకుపోయిన మనిషి చేరిందో లేదో మాకెవడు చెప్తాడు? అన్ని కేంద్రాల్లోనూ ఆ గడిలో వరసగా ‘చేరినది, చేరినది’ అని దించేస్తారు. ఖాళీగా ఉంటే ఆఫీసు ప్రశ్నలడుగుతుంది, చేరినది అంటే ఎవరూ ఏమీ అడగరు. సిస్టర్ మాత్రం కబురు వస్తేనే రాసేది. లేకపోతే ఖాళీ. దానికి రెండుసార్లు సంజాయిషీ రాసుకుంది కూడా.

ఆమె వచ్చిన మొదటి ఏడాది, తనిఖీకి ఆఫీసరు వస్తున్నాడని తెలిసి, ఆమె ఇంటింటికీ వెళ్ళిన పూట నేను ఆ పుస్తకం తీసి మూడు ఖాళీ గడుల్లో నా గుండ్రటి అక్షరాలతో ‘చేరినది’ అని నింపాను. ఆమెకి చీవాట్లు తప్పిద్దామని. సాయంత్రం ఆమె చూసింది. తర్వాతి వారం ఆ మూడిళ్ళకీ నడిచి వెళ్ళింది. ఇద్దరు చేరారు. మూడో ఆమె వాగు ఒడ్డునే పోయింది, కడుపులో బిడ్డతో సహా. నేను ‘చేరినది’ అని రాసిన నాటికే ఆమె పోయి పది రోజులైంది. సిస్టర్ నా అక్షరాల మీద ఒక గీత గీసి పక్కన ‘చేరలేదు’ అని రాసింది. అంతే. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఇప్పటికీ ఆ పేజీ తిప్పాల్సి వస్తే రెండు పేజీలు కలిపి తిప్పేస్తాను.

ఆ గీత గీసిన మర్నాటి నుంచే రోడ్డు కోసం అర్జీలు మొదలయ్యాయి. చెప్పేది ఆమె, దస్తూరీ నాది. ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది. సెలవు రోజున భర్త దగ్గరికని దిగి, సగం రోజు ఇంజనీరు గుమ్మంలో కూర్చునేది. రెండేళ్ళు పట్టింది. చివరికి వాగు మీద వంతెన లేచింది, గుట్ట చుట్టూ తారు పడింది.

రోడ్డుతోపాటు ఒక కాగితం వచ్చింది. రాకపోకల ధ్రువీకరణ పత్రం. కేంద్రం గుమ్మం దాకా వాహనం ఆటంకం లేకుండా వస్తోందని, బాధ్యత చూస్తున్న ఉద్యోగి సంతకం పెట్టి పంపాలి. అది అందాకే ఇక్కడికి అంబులెన్స్ ఇస్తారు. ఆ పత్రం అందిన రోజే కేంద్రాన్ని కష్టం లిస్టులోంచి తీసేస్తారు. డాక్టరు లేడు కాబట్టి సంతకం పెట్టాల్సింది సిస్టరే. ఆమెకి మూడేళ్ళు నిండడానికి ఇంకా నలభై ఒక్క రోజులున్నాయి. వచ్చే ఏడాదికి వయసు దాటిపోతుంది.

ఆమె ఆఫీసు గుమాస్తాకి ఫోన్ చేసింది. ఇన్నాళ్ళు చేసిన సర్వీసు ఎటు పోతుందని అడిగింది. మూడేళ్ళు నిండాలమ్మా, నిండే రోజుకి కేంద్రం లిస్టులో ఉండాలి, లేకపోతే చేసినదంతా మామూలు సర్వీసే అన్నాడాయన. మనిషి చెడ్డవాడేం కాదు, గొంతు తగ్గించి ఉపాయం కూడా చెప్పాడు. కాగితం ఒక నెలన్నర బల్ల సొరుగులో పడుకుంటే కొంపలేం మునిగిపోవు, గుట్టల్లో కాగితాలు ఆలస్యమవడం కొత్తా?

ఆయన మాట నాకు వేదవాక్కులా వినిపించింది. ఆమె ఫోన్ పెట్టేసి ఏదో ఆలోచిస్తూ కూర్చుంది. ఆమె ఆలోచన ఎటు పోతుందో నాకు తెలుసు. అందుకే ఆమె టీకాలకి వెళ్ళిన పూట ఆ కాగితం తీసి దగ్గుమందు పెట్టెల కింద దాచాను. అవును, దాచాను. పరాయివాళ్ళ కడుపుల కోసం సొంత బతుకుకి నీళ్ళొదులుకునే పిచ్చిదాన్ని చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాలేదు.

నాలుగో రోజు ఆమె వచ్చి నా బల్ల ముందు నిలబడింది.

“అన్నయ్యా, ఆ కాగితం ఎక్కడ పెట్టారు?”

ఏ కాగితం అన్నాను.

“మీకు అబద్ధం రాయడం వచ్చినంత బాగా చెప్పడం రాదు.”

ఆమె గర్భిణుల లిస్టు, ఆ రిజిస్టరు తెచ్చి నా ముందు పెట్టింది. ఆ నలభై ఒక్క రోజుల్లో నెలలు నిండేవాళ్ళు ఏడుగురు. అందులో ఒకామెకి మొదటి కాన్పు ఆపరేషన్. ఇంకొకామెకి కాళ్ళు వాచి, బీపీ వారం వారం ఎక్కుతోంది. ఏడుగురూ సుఖంగా ప్రసవించొచ్చు సిస్టర్, ఇదివరకు ప్రసవించలేదా అన్నాను. అవునంది, ప్రసవించొచ్చు. వాళ్ళలో ఏ ఒక్కరినైనా మళ్ళీ కుర్చీకి కట్టి పంపాల్సి వస్తే చివరి గడిలో ఏం రాయమంటారో చెప్పండి, మీరు చెప్పిందే రాస్తాను అంది.

నేను లేచి దగ్గుమందు పెట్టెలు జరిపాను.

సంతకం పెడుతుంటే ఆమె కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి. తుడుచుకోలేదు. నేను ఏదో గొప్ప మాట అనబోయానని పసిగట్టింది కాబోలు, కలం కింద పెట్టి నా వైపు చూసింది.

“సంతోషంగా పెడుతున్నాననుకోకండి. నాకా సీటు కావాలి. మూడేళ్ళుగా అదొక్కటే అనుకుంటూ ఈ వాగు దాటాను. ఎవరైనా నన్ను త్యాగమూర్తి అన్నారంటే ఇంజక్షన్ల ట్రే తీసి నెత్తిన వేస్తాను. ఒక నర్సు రోడ్డు తెప్పిస్తే ఆ నర్సుకే నష్టం వచ్చేలా రూలు రాసినవాడు ఎవడో, వాడి బుర్రకి టీకా వేయాలి.”

ఆ మాట పెద్దగానే అంది, వరండాలో కూర్చున్న బాలింతలంతా విన్నారు.

అంబులెన్స్ తొమ్మిదో రోజున వచ్చింది. కాళ్ళు వాచినామె పదిహేడో రోజున వెళ్ళింది. ముప్పావు గంటలో పెద్దాసుపత్రి నుంచి డ్రైవరు ఫోన్ చేశాడు. సిస్టర్ పుస్తకం తీసి ‘చేరినది’ అని రాసి టైము కూడా వేసింది. వారానికి తల్లీ బిడ్డా అదే బండిలో తిరిగొచ్చారు. అంబులెన్స్ లేకపోయినా ఆమె బతికేదేమో, నాకు తెలియదు. పందెం కాసి చూసే సంగతి కాదది.

శాఖ నుంచి మరో కాగితం కూడా వచ్చింది. ‘మీ కేంద్రం అతి కష్టతర ప్రాంతాల జాబితా నుండి తొలగించబడినది.’ మన కష్టాలు తీరిపోయాయమ్మా, రాతపూర్వకంగా ఇచ్చారు అన్నాను. ఆమె నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు.

సీట్ల లిస్టు వచ్చింది, అందులో ఆమె పేరు లేదు. ఫోన్లో విని సరే అంది, వెళ్ళి చంటిపిల్లని తూకం వేసింది. కానీ భర్తకి మాత్రం చెప్పలేకపోయింది. ఎంత గొంతున్న మనిషైనా ఒక చోట మూగబోతుంది. ఆయన రోజూ ఫోన్ చేసేవాడు. లిస్టు ఇంకా రాలేదండీ అనేది. పది రోజులు అలాగే నెట్టుకొచ్చింది. చదువు పోయింది, చేతికందిన కాపురం కూడా పోయిందని ఆయనకి తన నోటితో ఎలా చెప్పనన్నయ్యా అని ఒక మధ్యాహ్నం నన్నే అడిగింది.

పదకొండో రోజు టీకాల రోజు. వరండా నిండా తల్లులు, పిల్లల ఏడుపులు. అప్పుడు ఒక ట్రాలీ ఆటో మూలుగుతూ గుట్టెక్కి వచ్చి మా గుమ్మం ముందు ఆగింది. అందులోంచి బక్కపల్చటి మనిషి దిగాడు, మెడలో కొలతల టేపు. మొదటిసారి చూస్తున్నా, బావగారని ఇట్టే పోల్చుకున్నాను. సిస్టర్ చేతిలో సిరంజితో అలాగే నిలబడిపోయింది. తర్వాత చేతిలో ఉన్న టీకా ముందు వేసేసి, పిల్ల తొడ మీద దూది అద్ది, అప్పుడు మెట్ల దాకా వచ్చింది.

“నువ్వే చెప్తావని చూశాను” అన్నాడాయన. “మనకి రెండు వీధుల అవతలే కదా కాలేజీ, లిస్టు బోర్డు మీద పెట్టిన రోజే వెళ్ళి చదువుకున్నాను. నీ పేరెందుకు లేదని అడిగితే లోపల ఒకాయన ఫైలు చూసి, ఆ గుట్టకి రోడ్డు పడిందండీ అన్నాడు.”

ఆమె తల వంచుకుంది. సంతకం తనే పెట్టానని, నలభై ఒక్క రోజులు ఆగి ఉంటే సరిపోయేదని, మిమ్మల్ని ఒక్క మాటైనా అడగలేదని, ఏడుపులో సగం మాటలు మింగుతూ చెప్పింది. వరండాలో పిల్లలు కూడా ఏడుపాపి చూస్తున్నారు.

“అడిగితే పెట్టమనే అనేవాణ్ణి. కోపం రాలేదని కాదు, రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజుకి అసలు సంగతి వెలిగింది. రోడ్డు పడిందంటే ఆటో ఎక్కుతుంది కదా అని.” ఆటో వెనక్కి వెళ్ళి పరదా తీశాడు. పాత దుప్పటి చుట్టి, తాళ్ళతో బిగించిన కుట్టు మిషను, పక్కన దాని ఇనప స్టాండు, రెండు ట్రంకు పెట్టెలు, ఇస్త్రీ బల్ల.

సిస్టర్ దాన్ని చూసింది, ఆయన్ని చూసింది. కొట్టు ఏం చేశారని అడిగింది. ఇచ్చేశానన్నాడు. ముక్కు తుడుచుకుని, చివరికి తప్పు పట్టడానికి ఏదో ఒకటి దొరికినట్టు అంది.

“ఇక్కడ రోజుకి నాలుగుసార్లు కరెంటు పోతుంది. మిషన్ ఎలా నడుపుతారు?”

“కాలితో తొక్కేదే తెచ్చాను” అన్నాడు బావగారు. “ముందు అటు పక్క పట్టుకో, బరువుంది.”