రేకుల హాల్లో పాత సినిమాల నెల

చోడవరంలో ఇంటింటికీ కేబుల్ వైరు పాకిన ఏడాది అది. పొద్దున్నే చద్దన్నం తిని, తలకి కండువా చుట్టుకుని పరదేశి రేకుల హాలుకి బయల్దేరేవాడు. మ్యాట్నీకి బోలెడు టైముండేది. అయినా డ్యూటీకి వెళ్లినట్టు వెళ్లి గేటు పక్క అరుగు మీద కూర్చునేవాడు.

నెలాఖరుకి హాలు మూసేసి బెల్లం గోడౌను చేస్తారని ఖాయమైపోయింది. కొత్త బొమ్మలు అనకాపల్లి దాటి ఇటు రావడం మానేశాయి. మూసేదాకా ఊరికే ఉంచడమెందుకని ఓనరు విశాఖపట్నం నుంచి పాత నలుపు తెలుపు సినిమాల పెట్టెలు తెప్పించి ఆడిస్తున్నాడు.

పరదేశికి పాత సినిమా అంటే ప్రాణం. ఫ్యాక్టరీకి చెరుకు బండి తోలిన రోజుల్లో ఎడ్లకి కూడా పాటలు నేర్పేనని చెప్పుకునేవాడు. ఈ నెల మాత్రం పాట వచ్చినా పెదవి కదపడం లేదు. హీరో ముఖం చూడడం లేదు. హీరో వెనక జనాన్ని చూస్తున్నాడు.

చోడవరంలో పోయినవాళ్లు, ఆ రోజు రేకుల హాల్లో ఏ బొమ్మ ఆడుతుంటే అందులోకి వెళ్తారు. పెళ్లి సీన్లో పందిరి కింద, కోర్టు సీన్లో వెనక బల్ల మీద, ఎక్కడో జనంలో కనపడతారు. మూడోరోజు అయినవాళ్లు ఆటకెళ్లి చూసొస్తారు. వాళ్లని టికెట్ అడగరు. అది హాలు కట్టినప్పటి నుంచీ ఉన్న పద్ధతి. మునసబుగారి తమ్ముడు ఒక పౌరాణికంలో రాక్షసుల మధ్య తేలితే, వాళ్లావిడ ఏడాదిపాటు పేరంటాలకి వెళ్లలేదు.

పరదేశి భార్య అప్పలనరసమ్మ ఊళ్లో పోలేదు. ఆసుపత్రికి తీసుకెళ్తుంటే సబ్బవరం దగ్గర, బస్సులోనే పోయింది. మూడోరోజు హాలుకెళ్తే ఆమె లేదు. మర్నాడూ లేదు. విశాఖపట్నం వెళ్లి కనపడిన హాలల్లా ఎక్కి దిగాడు. అక్కడా లేదు.

"దార్లో పోయినోలు తిన్నగా ఎల్లర్రా. తిరిగి తిరిగి, తమకి నచ్చిన బొమ్మలో కూకుంటారు. నీ పెళ్లానికి పాత బొమ్మలే కదేటి ఇష్టం? సూస్తుండు," అన్నాడు గేటు దగ్గర టికెట్లు చింపే బంగార్రాజు.

అలా చూస్తూనే ఉన్నాడు. పెట్టె మారుతోంది, జనం మారుతున్నారు, ఆమె మాత్రం లేదు. పోనుపోను దగ్గు ఎక్కువైంది. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని డాక్టరు చెప్పాడు.

"మావా, పెద్దాసుపత్రికి ఎల్లమన్నారు కదా, రేపెల్దాం," అంది కోడలు చిన్నతల్లి.

"దార్లో పోతే? మీ అత్తలాగ తిరగమంటావేటే? నానీ ఊర్లోనే పోవాల. హాలు మూసీలోగానే పోవాల. ఆ తరవాత పోతే ఎక్కడికెల్తాను?"

"సావుక్కూడా మాట్నీ టైమేటి మావా నీకు!" అని చిన్నతల్లి మొహం తిప్పుకుంది. ఏడుస్తోందని అతనికి తెలుసు.

ఆఖరి వారం వచ్చిన సినిమాలో వీధినాటకం సీనుంది. ఊరి జనమంతా బల్లల మీద కూర్చుని నాటకం చూస్తుంటారు. మూడో బల్ల చివర, చెంగు తల మీదకి లాక్కుని అప్పలనరసమ్మ కూర్చుని ఉంది. ఆమె పక్కన మడత పెట్టిన తువ్వాలుంది.

"ఒరే పరదేశీ! నీకు సీటాపిందిరా!" అని బంగార్రాజు గుమ్మం దగ్గర్నుంచే కేకేశాడు.

నిజమే. ఫ్యాక్టరీ దగ్గర చెరుకు బళ్ల వరసలో ఇరుక్కుని పరదేశి ఆటకి ఎప్పుడూ ఆలస్యంగా వచ్చేవాడు. ఆమె ముందే వచ్చి పక్కన తువ్వాలు వేసేది. దాన్ని కదిపినవాడితో హాలు అదిరేలా తగువాడేది. ఇప్పుడూ అలాగే, బల్ల మీద చెయ్యి ఆనించి కాపలా కాస్తోంది.

పరదేశి ఇంటికొచ్చి మందు బిళ్లలు ఆపేశాడు. కొత్త పంచె కట్టుకుని మంచమెక్కాడు. ఎవరో బండి తెస్తామన్నట్టు ఎదురుచూశాడు. పొద్దున్న కళ్లు తెరిస్తే మళ్లీ అదే చూరు, అదే దగ్గు. "ఇంకా ఇక్కడే ఉన్నానేటే?" అని కోడల్ని అడిగేవాడు, బస్సు తప్పిపోయినవాడిలా.

ఆ వారంలోనే ఎదురింట్లో ఏడుపు లేచింది. గౌతమి కూతురు ప్రత్యూషని మెదడువాపు జ్వరం తీసుకుపోయింది. ఇంకా బడిలో వెయ్యని గుంట. గౌతమి వాళ్లు దేవరాపల్లి నుంచి ఈ మధ్యే వచ్చి ఆ వీధిలో అద్దెకి దిగారు.

మూడోరోజు, హాల్లో ఆఖరి ఆట. వీధి వీధంతా వెళ్లింది. గౌతమిని ఇద్దరు ఆడవాళ్లు రెక్కలు పట్టుకుని నడిపించారు. పరదేశి గోడలు పట్టుకుంటూ వెళ్లి ఆమె పక్క బెంచీలో కూర్చున్నాడు.

వీధినాటకం సీను వచ్చింది. బల్లల మధ్య సందులోంచి ప్రత్యూష వచ్చింది. పూల గౌను, చెదిరిన జుట్టు. ఒక్కొక్కరి ముఖంలోకీ చూస్తూ, నోరు తెరిచి ఏడుస్తోంది. నాటకం పాటలో ఆ ఏడుపు వినపడలేదు. అందరూ నాటకమే చూస్తున్నారు, ఒక్కరూ తల తిప్పలేదు. గుంట నడిచి నడిచి మూడో బల్ల దగ్గర ఆగిపోయింది.

అప్పలనరసమ్మ దాన్ని చూసింది. పక్కన తువ్వాల్ని చూసింది. తర్వాత తలెత్తి, తెరలోంచి తిన్నగా పరదేశిని చూసింది. ఆ చూపు అతనికి తెలుసు. వేళకాని వేళ చుట్టం వస్తే, మొగుడికి దాచిన కూర వడ్డించే ముందు అలాగే చూసేది.

పరదేశి తలూపాడు. ఊపకపోయినా ఆగే మనిషి కాదు. తువ్వాలు తీసింది. దాంతోనే గుంట ముక్కూ మొహమూ తుడిచింది. ఎత్తి ఆ చోట కూర్చోబెట్టుకుని, మీద చెయ్యి వేసింది. ప్రత్యూష ఏడుపు ఆపి నాటకం చూడసాగింది. సీను మారిపోయింది.

గౌతమి అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఎవలు మావయ్యా ఆవిడ?"

"మా ఇంటిదే. అప్పలనరసమ్మ."

"మంచిదేనా?"

పరదేశి అవునని తలూపాడు.

ఆట అయ్యాక పెట్టెను బస్సు టాపు మీదకి ఎక్కించారు. బంగార్రాజు తలుపులకి తాళం వేశాడు. ఆ వారంలోనే బెల్లం దిమ్మలు దిగాయి. ఇక ఆ ఊళ్లో పోయినవాళ్లు ఎక్కడికి వెళ్తారో ఎవరికీ తెలియదు, ఎవరూ అడగలేదు కూడా.

పరదేశి పంచె విప్పి మడత పెట్టేశాడు. పెద్దాసుపత్రికి వెళ్దామని చిన్నతల్లి మళ్లీ అడిగితే ఊఁ అన్నాడు. ఆశ పుట్టి కాదు. త్వరపడి వెళ్లడానికి ఇప్పుడతనికి చోటు లేదు, అంతే. నీరు తీశారు, దగ్గు తగ్గింది. బతికాడు.

రోజూ దీపాలు పెట్టే వేళకి గౌతమి వచ్చి గుమ్మంలో కూర్చునేది. తన కూతురు ఎవరి చేతిలో ఉందో ఆ మనిషిని ఎరిగినవాళ్లు ఆమెకి ఇంకెవరున్నారు? పరదేశి ఒక్కోసారి విసుక్కునేవాడు. ఒక్కోసారి గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఆమె లేచేది కాదు.

"మావయ్యా, మా గుంటకి కారం పడదు."

"మా ఇంటిదానికీ పడదమ్మా."

"రేత్రి ఉలిక్కిపడి నెగుస్తాది."

"దానికి నిద్ర తక్కువ. మెలకువగానే ఉంటాది."

"ఈ పూట ఏటి పెడతాది మావయ్యా?"

పరదేశి కాసేపు కళ్లు మూసుకుని ఆలోచించాడు.

"జావ," అన్నాడు. "ఊది ఊది, సల్లార్చి పెడతాది."