డాక్టరు వచ్చాడ్రోయ్

కళ్ళజోళ్ళ కొట్లో అద్దాలు అరగదీసే అక్కకి మనుషులంటే ఒళ్ళుమంట. ఇంటికొచ్చి కంప్యూటర్లో యుద్ధాల ఆట ఆడినా ఒక్కతే ఆడేది. తమ్ముడు అలా కాదు. పక్క గదిలో అదే ఆట, కానీ వాడికి పాతికమంది జట్టు. దెబ్బ తిన్నవాళ్ళకి మందు వేసి లేపే పని వాడిది. అందుకే అందరూ డాక్టరూ అని పిలిచేవాళ్ళు. నువ్వూ రావే అక్కా అని ఎన్నిసార్లు బతిమాలాడో! ఒకళ్ళ కోసం కాచుక్కూర్చునే ఖర్మ నాకేంటని తీసిపారేసేది.

వాడు లారీ కింద పడి చచ్చిపోయి పదిరోజులైంది. ఆ ఆటలో వాడి స్నేహితులకి నువ్వైనా చెప్పవే అని అమ్మ ఒకటే పోరు. ఆదివారం మధ్యాహ్నం అక్క వాడి కుర్చీలో కూర్చుని, వాడి పేరుతోనే ఆటలోకి వెళ్ళింది.

హెడ్‌ఫోన్ పెట్టుకుందో లేదో, "డాక్టరు వచ్చాడ్రోయ్" అని ఎవరో కేకేశారు. ఇంకేముంది, అందరూ మీద పడ్డారు. ఎక్కడ చచ్చావురా, నువ్వు లేక రెండు యుద్ధాలు ఓడిపోయాం అని ఒకటే తిట్లు. ఇంట్లో వాడి ఊసెత్తితే ఏడుపే. ఇక్కడేమో బతికున్నవాణ్ణి తిట్టినట్టు తిడుతున్నారు. ఈ ఒక్క ఆటా వాణ్ణి బతికి ఉండనీ, అయ్యాక చెబుదాంలే అనుకుంది పిచ్చిది. మైకు పాడైందని టైపు చేసింది.

డాక్టరన్నవాడు ముందువరస వాళ్ళకి మందు వేసి, తన సంగతి ఆఖర్న చూసుకోవాలి. ఆ సంగతి అక్కకి తెలుసు. కానీ ఏళ్ళ తరబడి ఒంటరిగా ఆడిన చేతులాయె. యుద్ధంలో ఎదురొచ్చిన రాక్షసుడు కొట్టగానే మందు తనకే వేసుకుంది. మళ్ళీ తనకే. అవతల ఒక్కొక్కళ్ళే కూలిపోతూ డాక్టరూ, డాక్టరూ అని గొంతు చించుకుంటున్నారు. చూసేసరికి చుట్టూ జట్టంతా శవాలు, మధ్యలో నిక్షేపంలా తమ్ముడి బొమ్మ.

"నీ ప్రాణం నువ్వు చూసుకున్నావు కదరా," అన్నాడు జట్టు నాయకుడు. "జట్టులోంచి తీసేద్దాం వీణ్ణి."

ఓట్లు వేశారు. వద్దన్నవాడు ఒక్కడూ లేడు. తిండి కూడా మానేసి వాళ్ళని మూడేళ్ళు కాచినవాడికి!

"వాడు కాదండీ, నేను," అని అక్క మైకులో అరిచింది. "వాడు చచ్చిపోయాడు." తీసేసినవాడి మాట జట్టుకి వినపడదు. నాయకుడికి విడిగా రాయబోతే, అప్పటికే బ్లాక్ చేసేశాడు.

అమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చెప్పావా, ఏమన్నారని అడిగింది.

"ఏడ్చారమ్మా," అంది అక్క. "అందరూ ఏడ్చారు."