మోకాళ్ల లైన్లో సంపత్

గోదావరిఖనిలో తాగుబోతుకున్న మర్యాద మనసు డాక్టరు దగ్గరికి వెళ్లేవాడికి లేదు. తాగి మోరీలో పడితే నలుగురూ లేపి, మొహాన నీళ్లు కొట్టి, ఇంటిదాకా దిగబెడతారు. పైగా "పాపం, బొగ్గుబావిల కష్టం" అని జాలిపడతారు. అదే మనిషి తాగుడు మానడానికి డాక్టరు దగ్గరికి వెళ్లాడనుకోండి, తెల్లారేసరికి పిచ్చోడైపోతాడు. ఊరి నోటికి మూకుడు పెట్టగలవాడు ఇంకా పుట్టలేదు.

సంపత్‌కు మానాలని ఉంది, మానలేకపోతున్నాడు. అందుకే వరుసగా మూడో శుక్రవారం సర్కారు దవాఖానకొచ్చి, ఎముకల డాక్టరు లైన్లో నిలబడ్డాడు. మనసు డాక్టరు గది సరిగ్గా ఎదురుగానే ఉంది. ఆయన వారానికి ఒక్కరోజు, అదీ ఒంటిగంటదాకానే వస్తాడు. తలుపు బార్లా తెరుచుకుని ఈగలు తోలుకుంటూ ఉంటాడు. ఎముకల లైనేమో గేటుదాకా. బొగ్గు బావుల్లో మోకాళ్లు అరగడం సహజమే గానీ, ఇంతమందికి శుక్రవారమే అరగడం ఏ వైద్యశాస్త్రానికీ అందని సంగతి.

ఎవరూ చూడనప్పుడు అటు దూరిపోదామని సంపత్ ఎత్తు. ఎవరూ చూడకుండా ఉండటానికి అదేమైనా అడవా? మొదటి వారం మేనబావ తగిలాడు, రెండో వారం షిఫ్టు దోస్తు. ఫలితంగా ఏ రోగమూ లేని మోకాలికి ఎక్స్‌రే అయింది, రెండు ట్యూబుల మందు వచ్చింది. భార్య రమ ఆ మందు రోజూ సాయంత్రం శ్రద్ధగా రుద్దుతోంది. ఆమె చేతులు చూస్తే అతనికి ఏడుపొస్తుంది. పోయిన మంగళవారం పట్టపగలు, చుక్క ముట్టకుండా, గోదావరి బ్రిడ్జి మీద బండి ఆపి అరగంట నీళ్లలోకి చూశాడని ఆమెకెలా చెబుతాడు? పంక్చరైందన్నాడు. వచ్చే శుక్రవారందాకా ఉంటానన్న నమ్మకం అతనికే లేదు.

పన్నెండున్నరకు వెనకనుంచి రాయమల్లు కాక పలకరించాడు. సంపత్ పనిచేసే బొగ్గు బావిలోనే యూనియన్ లీడరు. ఎవరి రిటైర్మెంటు దావతైనా మొదటి గ్లాసు ఆయన చేతిమీదుగానే.

"ఏం సంపత్, మోకాలు ఇంక తగ్గలేదా?"

"లేదు కాక. నీకెట్లుంది?"

"గట్లనే ఉంది."

పోయినవారం కుడికాలు కుంటిన పెద్దమనిషి ఈసారి ఎడమకాలు కుంటుతున్నాడు. సంపత్ అడగలేదు. ఆ లైన్లో అలాంటివి అడగడం మర్యాద కాదు.

ఒంటిగంటకు పది నిమిషాలుందనగా మనసు డాక్టరు లేచి సంచి సర్దుకున్నాడు. సంపత్ లైను వదిలి అటు నడిచాడు.

"ఓ సంపత్! అటెటు పోతున్నవ్? అది పిచ్చి డాక్టర్ది!"

ఆ గొంతుకు మైకు అక్కర్లేదు. లైనంతా తిరిగి చూసింది.

"ఎరుకే కాక. నాకు మోకాలు మంచిగనే ఉంది. మంగళారం నాడు గోదార్ల దుంకుదామని బ్రిడ్జి మీద నిలబడ్డ. తాగుడు బందు పెడదామంటె నాతోని అయితలేదు. ఇయ్యాల ఈ సారుకు చెప్పకపోతె ఇగ బతుకనేమో."

రాయమల్లు కాక లైను వదిలి వచ్చి, బయల్దేరుతున్న డాక్టరుకు గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాడు.

"జెర కూసోండ్రి సార్. పోరడు లోపలికొస్తుండు."

తర్వాత సంపత్ భుజం మీద చెయ్యేశాడు.

"జల్ది రాకు బిడ్డా. అన్ని చెప్పు. నీ తర్వాత నేనున్న."