అర తిప్పు

కేకు మీద ఎన్ని పేర్లు పడతాయో బేకరీలో కనుక్కోమని రూరీ చెప్పాడు. చెప్పి, "రెండే కదా, పెద్దగానే పడతాయిలే" అని జవాబూ తనే చెప్పుకున్నాడు. ఒకటి అతని పేరు, రెండోది మా ఆఫీసులో డిజైన్లు గీసే కార్మక్‌ది. "పైన మన వైరు బొమ్మ కూడా వేయించు బ్రోనా. ఆ చివర వంపు ఎలా ఉంటుందో నీకు తెలుసుగా!"

నాకు తెలుసు. ఆ వంపు నాది.

మా కంపెనీలో పేటెంటు దరఖాస్తు మీద సంతకాలయ్యే రోజున కేకు కోస్తారు. కనిపెట్టినవాళ్ల పేర్లు చెక్క పలక మీద చెక్కించి మెట్ల పక్క గోడకు కొడతారు. నేను చేరాక పదకొండేళ్లలో ఆ గోడ మీదికి పద్నాలుగు పలకలెక్కాయి. ఒక్క ఆడపేరు లేదు. పద్నాలుగు కేకులూ మాత్రం వానలో తడవకుండా కోటు కింద దాచుకుని నేనే తెచ్చాను.

మా ఊరు గాల్వేలో ఏ వీధి తీసుకున్నా గుండెకో మెదడుకో పనికొచ్చే గొట్టాలు చేసేవాళ్లున్న ఇల్లు ఒకటైనా ఉంటుంది. మా వాళ్లు చేసేది సన్నటి వైరు. పక్షవాతం వచ్చిన మనిషికి తొడ దగ్గర రక్తనాళంలోంచి దాన్ని మెదడు దాకా పంపి, అక్కడ అడ్డం పడ్డ రక్తపు గడ్డని బయటికి లాగుతారు. మనిషి మీద వాడే ముందు గాజు నాళాల్లో పరీక్షించాలి కదా, ఆ పరీక్షకి గడ్డలు కావాలి. గడ్డలు చేసేది నేను. ప్రతి మంగళవారం ఏథన్‌రై కబేళా నుంచి గొర్రె రక్తం వస్తుంది. పాలు తోడుపెట్టినట్టు దాన్ని గొట్టాల్లో తోడుపెడతాను. అందుకని నా గదికి వాళ్లు పెట్టుకున్న పేరు వంటగది. "ఈ పూట ఏం వండావు బ్రోనా?" అంటూ వస్తారు. పదకొండేళ్లుగా అదే హాస్యం. పదకొండేళ్లుగా నవ్వుతూనే ఉన్నాను. ఆ నవ్వు కూడా ఉద్యోగంలో భాగమే అనుకున్నాను, జీతం లేని భాగం.

మా ఆయన మలాకీకి ఈ మాట ఎవరు చేరవేశారో గానీ, "నీది అక్కడా వంటే, ఇక్కడా వంటే. అక్కడ వండింది ఎవరూ తినరు, అదొక్కటే తేడా" అని పబ్బులో నలుగురి ముందూ అన్నాడు. నలుగురూ నవ్వారు. మలాకీ స్కూల్లో పాఠాలు చెబుతాడు, సాయంత్రాలు హర్లింగు అనే కర్రా బంతీ ఆట జట్టుకి శిక్షణ ఇస్తాడు. ఊరందరికీ మంచివాడు. ఊరందరికీ మంచివాడైన మొగుడితో కాపురం ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుస్తుంది. ఎవరితో చెప్పుకున్నా, "మలాకీయా? ఛ!" అంటారు.

రెండేళ్ల కిందట మా అత్తయ్య ఫిలొమీనా మా వంటింట్లోనే, నేను ఉడకబెట్టిన బంగాళాదుంపలకి వంక పెడుతూ పెడుతూ ఉండగా, ఆమె నోరు ఓ పక్కకి జారిపోయింది. వంక సగంలో ఆగిపోయింది. డబ్లిన్ తీసుకెళ్లారు. డాక్టరు నాలుగుసార్లు వైరు పంపి లాగాడు. మూడుసార్లు వైరు గడ్డ మీంచి జారి వట్టిగా వచ్చింది. నాలుగోసారి గడ్డ వచ్చింది గానీ అప్పటికి ఆలస్యమైపోయింది. నేను పనిచేసేది ఎక్కడో తెలిసి ఆ డాక్టరు కట్టుగుడ్డ మీద దాన్ని చూపించాడు. అప్పటిదాకా నేను కొన్ని వేల గడ్డలు చేసి ఉంటాను. అన్నీ ఎర్రగా, జెల్లీలా మెత్తగా ఉండేవి. ఇది తెల్లగా ఉంది, బార్లీ గింజంత. తొడుగు వేసుకుని వేళ్ల మధ్య నొక్కితే మాంసంలో నరంలా ఎదురు తిరిగింది. నాకు సిగ్గేసింది. మెత్తటి గడ్డలు చెయ్యమంటే మెత్తటివే చేశాను. అందరూ పాసయ్యే ప్రశ్నపత్రం ఇన్నేళ్లూ నా చేత్తోనే రాశానన్నమాట.

అత్తయ్యకి కుడి పక్క పడిపోయింది. మాట పోయింది. ఒక్కటి మాత్రం మిగిలింది: "అది కాదు." టీ ఇస్తే "అది కాదు." పింక్ స్వెట్టరు తొడిగితే "అది కాదు." కిటికీ తెరిస్తే, మూస్తే, ప్రార్థన చదివితే, అన్నిటికీ అదే. ఇరవై రెండేళ్లు ఆవిడ నాతో మాట్లాడినవన్నీ వడబోస్తే తేలేది ఆ ముక్కే. రొట్టె అలా కాదు, చిన్నప్పుడు మా అమ్మాయికి వేసిన జడ అలా కాదు, మలాకీ చొక్కా ఇస్త్రీ అలా కాదు. మెదడులో అంత నష్టం జరిగినా ఆ ఒక్కటి చెక్కు చెదరలేదు. మొదట్లో ఒళ్లు మండేది. ఒకసారి స్నానం చేయిస్తూ, "మరేది అత్తయ్యా, అదేదో నువ్వే చెప్పు!" అని అరిచేశాను. అరిచినందుకు ఇప్పటికీ పెద్దగా బాధపడటం లేదు.

"అమ్మని వృద్ధాశ్రమంలో పడేస్తే ఊరేమనుకుంటుంది?" అన్నాడు మలాకీ. పడెయ్యలేదు, నా మీద పడేశాడు. ఆదివారం చర్చి బయట మగవాళ్లు అతని భుజం తట్టి, "తల్లిని ఎంత బాగా చూసుకుంటున్నావయ్యా" అంటారు. అతను తలొంచుకుని, "మన తల్లులు మనకి చెయ్యలేదా?" అంటాడు. సొమ్మొకడిది, సోకొకడిది. ఇంటికొచ్చాక గుమ్మంలోంచే, "బ్రోనా, అమ్మ దగ్గర వాసనొస్తోంది చూడు" అంటాడు.

అన్నిట్లోకీ కష్టం తిండి పెట్టడం. నాలుక సరిగా ఆడదు కాబట్టి ముద్ద కుడి దవడలో ఇరుక్కుపోతుంది. ఆవిడకి తెలియదు. వదిలేస్తే ఊపిరి గొట్టంలోకి జారుతుంది. ముందు నుంచి లాగితే తెగి, సగం లోపలే ఉండిపోతుంది. చేసి చేసి నా వేలికి ఓ పద్ధతి పట్టుబడింది. వేలిని ముద్ద దాటి వెనక్కి పోనివ్వాలి. కాస్త ఆగాలి. అప్పుడు అర తిప్పు తిప్పితే ముద్ద వేలికి చుట్టుకుంటుంది. ఆ తర్వాత లాగాలి. కిందటి ఫిబ్రవరిలో ఒకరోజు పొద్దున అలాగే చేస్తూ, అత్తయ్య నోట్లో వేలుండగానే ఆగిపోయాను. జారిపోయిన వైరు, తెల్లటి గడ్డ, నా వేలు. మూడూ ఒక్కటిగా కనిపించాయి.

"అది కాదు" అంది అత్తయ్య, నా వేలి చుట్టూనే.

"అదే అత్తయ్యా. అదే!" అన్నాను.

రక్తంలోంచి ఎర్రకణాలు తీసేసి, తోడుపెట్టి, రోజుల తరబడి నిలవ ఉంచితే గట్టి తెల్లగడ్డ తయారైంది. మా కంపెనీ వైరు దాని మీంచి నూనె రాసినట్టు జారింది. చెత్తబుట్టలో పడేసిన వైరు ముక్కలు ఏరి, చివర సూది చుట్టూ వంచి, ఓవెన్‌లో పెట్టి ఆ వంపు నిలిచేలా చేశాను. గడ్డ దాటి పంపడం, ఆగడం, అర తిప్పు, లాగడం. ఇరవైసార్లు చేస్తే పదిహేడుసార్లు గడ్డ ముక్క కాకుండా మొత్తంగా వచ్చింది. ఆ రోజు నా గదిలో తలుపేసుకుని ఏడ్చాను. సంతోషంతోనే ఏడ్చాను, కానీ చెప్పుకోడానికి ఎవరూ లేరన్న ఏడుపు కూడా అందులో కలిసింది.

చేసిన ప్రతి పనీ ల్యాబు పుస్తకంలో తేదీ వేసి రాయడం మా దగ్గర నియమం. పేజీ అడుగున నేను సంతకం పెట్టాలి, పక్కన సాక్షి పెట్టాలి. సాక్షి సంతకానికి పైన చిన్న అక్షరాల్లో ఒక వాక్యం అచ్చు వేసి ఉంటుంది. నా సాక్షి రూరీ. మా విభాగానికి అధిపతి, నాకంటే పద్నాలుగేళ్లు చిన్నవాడు. శుక్రవారం సాయంత్రం పుస్తకాలన్నీ బల్ల మీద పేర్చుకుని, ఫోను చెవికి ఆనించుకుని, ఆదివారం ఆట గురించి మాట్లాడుతూ టకటకా సంతకాలు పెట్టేస్తాడు. మార్చి పద్నాలుగున, "ఈ పేజీ కాస్త చూడు రూరీ, ముఖ్యమైంది" అన్నాను. "చూస్తా, చూస్తా" అని సంతకం పెట్టి పేజీ తిప్పేశాడు.

నెల తర్వాత గాజు నాళంలో నేనే చేసి చూపించాను. రెండుసార్లు చూశాడు. "భలే వంటింటి చిట్కా!" అన్నాడు. ఆ వారంలోనే కార్మక్ దాన్ని కంప్యూటర్లో గీశాడు. తర్వాత మీటింగులు జరిగాయి. నన్ను శాండ్‌విచ్‌లు తెమ్మన్నారు గానీ కూర్చోమనలేదు. తలుపు సందులోంచి వినబడేది, "నా అర తిప్పు" అని రూరీ గొంతు. అతను అబద్ధమాడుతున్నాడని నేననుకోలేదు. నిజంగానే మర్చిపోయాడు. నా కడుపు మండింది అందుకే. దొంగకి కనీసం ఆ వస్తువు ఎవరిదో గుర్తుంటుంది.

బేకరీలో కేకుకి ఆర్డరిచ్చి వచ్చిన సాయంత్రం ఇదంతా మలాకీకి చెప్పాను. అతను టీ కలుపుకుంటూ విన్నాడు.

"రూరీ వాళ్ల నాన్న మా క్లబ్బు ఛైర్మన్ అని నీకు తెలుసుగా? వచ్చే ఏడు పెద్ద జట్టు నాకిద్దామనుకుంటున్నారు. కేకు మీద పేరు కోసం రచ్చ చేస్తావా?"

"కేకు మీద కాదు. పేటెంటు మీద."

"సరేలే, నీ పుట్టినరోజుకి నేనే చేయిస్తా. నీ పేరు ఎంత పెద్దగా కావాలంటే అంత పెద్దగా!" అని తన మాటకి తనే నవ్వాడు.

అప్పుడు నా చేతిలో వాళ్లమ్మ తడిపిన గౌను ఉంది. కిటికీ పక్క కుర్చీలోంచి అత్తయ్య, "అది కాదు" అంది.

"చూశావా, అమ్మ కూడా వద్దంటోంది" అన్నాడు.

అత్తయ్య నాకేసి చూడటం లేదు. కొడుకుని చూస్తోంది. ఆవిడ నా పక్షం వహించిందని చెప్పను. ఇరవై రెండేళ్ల వైరం ఒక గడ్డతో కరిగిపోదు. కానీ ఆ మాట ఎవరితో అన్నదో నాకు అనుమానం లేదు.

సంతకాల రోజు, గురువారం పొద్దున గంజి గిన్నె, చెంచా మలాకీ ముందు పెట్టాను. "ఈ రోజు నుంచి పొద్దున తిండి నువ్వు పెట్టాలి. దవడలో ఇరుక్కుంటే వేలు వెనక్కి పోనిచ్చి, ఆగి, అర తిప్పు తిప్పి లాగు. రెండుసార్లు పక్కనుండి చూస్తాను, తర్వాత నీదే."

"నాకు స్కూలుంది!"

"నాకు ఆఫీసుంది."

వేలు పెట్టగానే, "ఛీ" అన్నాడు. "అది కాదు" అంది వాళ్లమ్మ. మూడో ముద్దకి తిప్పడం వచ్చింది. కోటేసుకుని బయటపడ్డాను.

నేను వెళ్లేసరికి డబ్లిన్ నుంచి పేటెంటు లాయరు ఓర్లా వచ్చి ఉంది. రూరీ, కార్మక్ కొత్త చొక్కాల్లో ఉన్నారు. చంకలో ల్యాబు పుస్తకం, చేతుల్లో కేకు పెట్టెతో లోపలికెళ్లి, ఆ పెట్టె బల్ల మీద పెట్టాను. ఓర్లా కాగితాలు పరుస్తూ, "ఎప్పుడూ అడిగేదే, అడగాలి కాబట్టి అడుగుతున్నా. ఈ ఆలోచనలో ఇంకెవరికైనా భాగం ఉందా? లేని పేరు చేర్చినా, ఉండాల్సిన పేరు వదిలేసినా రేపు పేటెంటే చెల్లకుండా పోవచ్చు" అంది.

"ఎవరూ లేరు. మేమిద్దరమే" అన్నాడు రూరీ. "బ్రోనా, ప్లేట్లు తెచ్చావా?"

"అది కాదు" అన్నాను.

అచ్చం అత్తయ్య గొంతులాగే వచ్చింది. నాకే ఆశ్చర్యమేసింది. పుస్తకం కేకు పెట్టె మీద పెట్టి మార్చి పద్నాలుగు పేజీ తెరిచాను. ఒక దవడ బొమ్మ, అందులో వేలు. పక్కన వైరు వంపు. కింద ఇరవై ప్రయత్నాలు, వాటిలో ఫలించినవి పదిహేడు.

ఓర్లా మొదటి నుంచి చివరిదాకా చదివింది. నా రాతని అంత నిదానంగా చదివిన మనిషిని నేను అప్పటిదాకా చూడలేదు.

"ఇది మీరు రాసిందేనా?"

"నేను రాసిందే, నేను చేసిందే."

"అది ల్యాబు పుస్తకమండీ. మేం చెప్పినవి బ్రోనా అందులో రాసుకుంటుంది" అన్నాడు రూరీ.

ఓర్లా పుస్తకాన్ని అతని వైపు తిప్పింది. "ఈ సాక్షి సంతకం మీదేనా?"

"నాదే. ప్రతి శుక్రవారం పెడతాను."

"దాని పైనున్న వాక్యం ఒకసారి గట్టిగా చదవండి."

రూరీ వంగాడు. కళ్లు చిట్లించాడు. ఇన్నేళ్లుగా కొన్ని వందలసార్లు దాని కింద సంతకం పెట్టినవాడు, మొదటిసారి చదివాడు. "ఈ పేజీలోని ఆలోచనలో నాకు... నాకు ఎలాంటి భాగం లేదు. దీన్ని చదివాను, అర్థమైంది."

ఓర్లా పరిచిన కాగితాలన్నీ మళ్లీ సంచిలో పెట్టేసుకుంది. "ఇవి పనికిరావు. కొత్తవి రాయాలి" అని, కలం మూత తీసి, "మీ పూర్తి పేరు చెప్పండి" అని నన్నడిగింది.

కుర్చీ లాక్కుని కూర్చున్నాను. పేరు చెప్పాను. ఒక్కో అక్షరం విడివిడిగా చెప్పాను.

రూరీ మొహం ఎర్రబడింది. "ఇంత మంది ముందు ఇదేంటి బ్రోనా? ముందే ఒక మాట చెప్పొచ్చుగా నాకు!"

"చెప్పాను రూరీ" అన్నాను. "నువ్వు సంతకం కూడా పెట్టావు."