పదిహేడో నెల

నేను ఒక తేదీ స్టాంపును. నా ఒంట్లో మూడు రబ్బరు పట్టీలు: ముందు నెల, తర్వాత రోజు, చివర సంవత్సరం. పుట్టింది షికాగోలో. అక్కడ అందరూ తేదీ అలాగే వేస్తారు కాబట్టి నాకూ అదే పుట్టుకబుద్ధి. సాటి మనిషి నోటి మాట చచ్చినా నమ్మని మనిషి, నా రబ్బరు నోటి మాటని మాత్రం కళ్లు మూసుకుని నమ్ముతాడు!

నా మొదటి కొలువు ఒక అమెరికా రేవులో, సామాను బయటికి వెళ్లే గేటు దగ్గర. అక్కడి అధికారి హార్లన్‌కు నేను అచ్చొచ్చిన అచ్చును. ఆగస్టులో అతణ్ని యూరప్‌లో ఒక రేవు పట్టణానికి బదిలీ చేస్తే నన్నూ కోటు జేబులో వేసుకొచ్చాడు. రెండు తీరాల పోలీసులూ కలిసి దొంగల్ని పట్టే ఆఫీసు అది. మధ్యలో ఉన్న సముద్రమేమో అట్లాంటిక్, అట్లాంటిదీ ఇట్లాంటిదీ కాదు. వీళ్ల పనికి పేరు సహకారం. సహనం తక్కువ, కారం ఎక్కువ.

హార్లన్ ఎదురుబల్ల అక్కడి ఇన్‌స్పెక్టర్ డర్క్‌ది. అక్టోబరులో హార్లన్ అతనికి ఒక గేటు చీటీ నకలు ఇచ్చాడు. ఎవడో ఓడ నుంచి పిస్తోళ్ల పెట్టె దించి, మరమ్మతు సామానని చెప్పి మా పాత గేటు దాటించాడు. చీటీలో పేరు తడిసి చెరిగిపోయింది. ఓడ పేరు, 'ఫిట్టర్' అన్న మాట, నేను గుద్దిన 06 09 మిగిలాయి.

"ఆ రోజు ఆ ఓడలో ఫిట్టర్ ఎవడో చూడు" అన్నాడు హార్లన్.

డర్క్ చూశాడు. డర్క్ దేశంలో ముందు రోజు, తర్వాత నెల. నేను జూన్ తొమ్మిది అంటే అతను సెప్టెంబరు ఆరు అని చదువుకున్నాడు. నా ఖర్మకొద్దీ, ఆ ఓడ సెప్టెంబరు ఆరునా అదే రేవులో ఉంది. అప్పటి ఫిట్టర్ పేరు తీసిచ్చాడు: బడే జోగారావు, శ్రీకాకుళం జిల్లా. డర్క్ వెతికాడు కదా అని హార్లన్ నమ్మాడు. హార్లన్ అడిగాడు కదా అని డర్క్ పట్టుకున్నాడు. తేదీలో తేడా ఉందని ఇద్దరికీ తట్టలేదు.

ఓడ ఈ రేవుకు రాగానే జోగారావుకు బేడీలు పడ్డాయి. "సెప్టెంబరు ఆరున ఓడలో ఉన్నావా?" అన్న డర్క్ ప్రశ్నని దుబాసీ హైమవతి తెలుగులో అడిగింది. ఆవిడది విజయనగరం.

"ఉన్నానమ్మా. నేదని అబద్దమెందుకాడతాను? గానీ పెట్టీగిట్టీ నాకు తెల్దు."

ఆ 'ఉన్నాను' చాలింది. తొమ్మిది వారాలు లాకప్పు. డిసెంబరు పదిహేడున అమెరికాకు అప్పగింత. సాయంత్రం నాలుగింటికి విమానం. అక్కడ నేరం రుజువైతే ఇరవై ఏళ్లు.

ఆ రోజు రెండున్నరకు గదిలో అందరూ ఉన్నారు. బేడీలలో చేతులు బల్ల మీద పెట్టి జోగారావు కూర్చున్నాడు. అతనికి జానెడు దూరంలో నేను. నిజం తెలిసింది నాకొక్కదానికే. నోరుంది, ఎవరో ఒకరు నొక్కితే తప్ప తెరవలేను. ఇన్నేళ్లలో ఎన్ని ఒత్తులు ఒత్తానో గానీ, ఒత్తిడంటే ఏమిటో ఆ రోజే తెలిసింది. రోజు పన్నెండు దాటితే నన్ను ఎవరైనా సరిగ్గానే చదువుతారు. పన్నెండు లోపే నా గారడీ.

హార్లన్ నన్నెత్తి అప్పగింత కాగితం మీద గుద్దాడు: 12 17. పక్కన సంతకం పెట్టమని జోగారావుకు కలం ఇచ్చాడు. అతను కలం పట్టుకుని నా అంకెల వంకే చూస్తున్నాడు.

"ఏటమ్మా ఇది? పదిహేడో నెలేటి? ఏడాదికి పన్నెండే గదా. ఈ బాబులకి మరో అయిదు ఎక్కువిచ్చినారేటి?"

"అది వాళ్ల పద్ధతి తమ్ముడూ. ముందు నెల వేస్తారు, తర్వాత..." అంటూనే హైమవతి ఆగిపోయింది. చప్పున ఫైల్లోంచి గేటు చీటీ లాగింది. "జూన్ తొమ్మిదిన ఎక్కడున్నావు?"

"మా ఊళ్లో. మా అప్ప ఇంటికి పెంకు నేస్తన్నాను. నాను ఈ ఓడెక్కింది జూలైలో గదమ్మా. జూన్ సంగతి నన్నెవులూ అడగనేదు!"

హైమవతి ఆ మాట వాళ్ల భాషలో చెప్పగానే డర్క్ అతని సీమాన్ పుస్తకం తెరిచాడు. ఓడెక్కిన తేదీ జూలై పద్నాలుగు. డర్క్ మెడ ఎర్రబడింది. అప్పటికి మూడు దాటింది.

హార్లన్ విమానాశ్రయానికి ఫోన్ చేసి ప్రయాణం ఆపాడు. తర్వాత నా పట్టీలు 06 09కి తిప్పి తెల్లకాగితం మీద గుద్దాడు. "ఇది ఏ తేదీ?" అని గదిలో ఒక్కొక్కర్నీ అడిగాడు. తన వాళ్లు జూన్ అన్నారు, డర్క్ వాళ్లు సెప్టెంబరు అన్నారు. అప్పుడు హైమవతి లేచి, రెండు భాషల్లో, జరిగిన పొరపాటు కాపలావాళ్లతో సహా అందరికీ విప్పి చెప్పింది. చెబుతుండగానే డర్క్ బేడీలు విప్పాడు.

విడుదల కాగితం వచ్చింది. అలవాటుకొద్దీ హార్లన్ చెయ్యి నా మీదికి వచ్చింది.

"ఓ బాబూ! దాంతో వొద్దు," అని జోగారావు గబుక్కున చెయ్యి అడ్డం పెట్టాడు. "సేత్తో రాయండి. నెల పేరెట్టి."

హార్లన్ చేత్తోనే రాశాడు. నన్ను సొరుగులో వేశాడు. నా పట్టీలు ఇప్పటికీ 06 09 దగ్గరే ఉన్నాయి. అది జూనేనని నేను ఒట్టేస్తాను గానీ, ఈసారికి నా మాట నమ్మకండి, జోగారావుని అడగండి.